పని మీద ఉంది

ప్రొఫెసరమ్మ పని చేస్తుండగా చూసినవాళ్ళు ఆవిడ నిద్రపోతోందనే అనుకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ముందుగదిలో ఒట్టి నేల మీద వెల్లకిలా పడుకుని, తలకింద పలచటి దిండొకటి పెట్టుకుని, కళ్ళ మీద తడిపి పిండిన తువ్వాలు వేసుకున్న అరవై దాటిన మనిషిని చూసి, ఈవిడ ఇప్పుడు గణితం చేస్తోందని ఎవరనుకుంటారు? చూడటం తెలిసినవాళ్ళకు ఒక్కటే గుర్తు. పని సాగుతున్నంతసేపూ ఆవిడ కాలి బొటనవేళ్ళు రెండూ మెల్లగా ముందుకీ వెనక్కీ కదులుతుంటాయి.

చూడటం తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే, అక్క. చెల్లెలికంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. సన్నగా, నిటారుగా ఉంటుంది. గొంతు మాత్రం మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఆ రోజు డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు వచ్చి తలుపు కొట్టేసరికి అక్క చేతిలో చీపురుంది.

"మేడం ఉన్నారాండీ?"

"ఉంది. పని మీద ఉంది."

హెడ్డుగారు మెడ సాచి గదిలోకి చూశాడు. సోఫా అంచు దాటి రెండు పాదాలు కనిపించాయి. ఆయన గొంతు తగ్గించాడు. "పడుకున్నట్టున్నారే? పోనీ తర్వాత వస్తాను."

"పని మీద ఉందంటున్నా కదండీ. కూర్చోండి, టీ ఇస్తాను."

అక్క నోట ఆ మాట వచ్చిందంటే గుమ్మానికి గడియ పడినట్టే. పాలవాడు, బీమా ఏజెంటు, అద్దె ఇంటి ఓనరు, అందరూ ఆ మాట విని వెనక్కి తిరిగినవాళ్ళే. ప్రొఫెసరమ్మ భర్త ఉన్న రోజుల్లో ఆయన కూడా చొక్కా గుండీ ఊడితే అక్క దగ్గరకే వెళ్ళేవాడు. కూతురు బడి నుంచి మోకాలు గీరుకుపోయి ఏడుస్తూ వచ్చినా, "అమ్మ పని మీద ఉంది, ఇలా రా" అని వంటింట్లోకి తీసుకెళ్ళి మందు రాసింది. పక్కింటావిడ ఒకసారి బోలెడంత జాలిపడి, "మీ చెల్లెలికి ఒంట్లో బాగుండదా, పాపం?" అని అడిగింది. "ఒళ్ళు శుభ్రంగానే ఉంది, బుర్రే ఖాళీగా లేదు" అని అక్క జవాబు.

హెడ్డుగారు టీ తాగి, పాత పేపరు రెండుసార్లు చదివి, చేతి గడియారం కేసి చూడటం కూడా మానేశాక ప్రొఫెసరమ్మ తువ్వాలు తీసి లేచి కూర్చుంది. నుదుటి మీద తడి అలాగే ఉంది. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి ఆవిడకు కొంచెం సేపు పట్టింది. ఒకప్పుడు ఆయన ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

"నువ్వా? ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే మేడం," అన్నాడాయన. అక్క వంటింట్లోంచి చిన్నగా దగ్గింది.

ఆయన సంచిలోంచి ఒక అచ్చు కార్డు తీసి రెండు చేతులతో అందించాడు. ప్రొఫెసరమ్మ పేరు మీద మూడు రోజుల సదస్సు. మొదటి రోజు ఉదయం ఆవిడ ఉపన్యాసమే. ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కుని చదివింది. మిగతావాళ్ళ పేర్లకు ఎదురుగా సమీకరణాలున్నాయి, సిద్ధాంతాలున్నాయి. ఆవిడ పేరుకెదురుగా 'ఇల్లూ గణితమూ: రెండింటినీ ఎలా సమన్వయం చేసుకున్నాను' అని ఉంది.

ఆవిడ వేలు ఇంకో పేరు మీద ఆగింది. ఆ పేరుగలాయన ఆవిడ తోటివాడు. వాళ్ళిద్దరూ చదువుకునే రోజుల నుంచీ అందరూ ఆయన్ని మీసాలాయన అనే అంటారు.

"మీసాలాయనకి ముగ్గురు పిల్లలు కదా?"

"అవును మేడం."

"ఆయన్ని కూడా ఇంటి గురించే మాట్లాడమన్నావా?"

"భలేవారు మేడం!" హెడ్డుగారు హాయిగా నవ్వాడు. ఆవిడ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "అమ్మాయిల కోసం మేడం ఇది. మిమ్మల్ని చూస్తే వాళ్ళకి ధైర్యం వస్తుంది. ఇవన్నీ చేసుకుంటూ కూడా అంత ఎత్తుకు వెళ్ళారంటే..."

"ఏవన్నీ?"

"అదే మేడం. వంట, పిల్లలు, చాకిరీ."

వంటింట్లోంచి ఈసారి పెద్ద దగ్గు వినిపించింది.

"నా దగ్గర కొత్త ఫలితం ఒకటుంది," అంది ప్రొఫెసరమ్మ. "నాలుగేళ్ళ పని. ఈమధ్యనే పూర్తయింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"చాలా సంతోషం మేడం. అది ఎలాగూ పత్రికలో వస్తుంది కదా, తీరిగ్గా చదువుతాం. కార్డులు కూడా పంచేశాం మరి." లేచి నిలబడి, ఇంటిపెద్దను ఊరడిస్తున్నట్టుగా అన్నాడు. "మీరింకా కష్టపడాల్సిన అవసరం ఏముంది మేడం? వచ్చి కూర్చుంటే చాలు, మాకదే గౌరవం."

ఆయన వెళ్ళాక ప్రొఫెసరమ్మ కార్డుతో విసురుకుంటూ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే ఇంకా ఒళ్ళు మండించింది. బతికుండగానే మనిషిని పటం కట్టించి గోడకు తగిలించడమంటే ఇదే. ఈ నాలుగేళ్ళ పని తన వయసులో మళ్ళీ చేయగలిగేది కాదని ఆవిడకు తెలుసు. దాన్ని ఒక్కసారి, పనిచేసేవాళ్ళ ముందు, సుద్దముక్కతో బోర్డు మీద రాసి చూపించాలని ఆవిడ కోరిక. చూసి వాళ్ళు ఈవిడ ఇంకా మాలో మనిషే అనుకోవాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

*

మర్నాడు అక్క బీన్స్ ఈనెలు తీస్తూ, "ఇంతకీ ఏం చెప్తావే?" అంది. ఉత్సాహం దాచుకోలేకపోతోంది. సదస్సుకు తనూ వస్తానని ముందురోజే చెప్పేసింది. ఇన్నేళ్ళలో చెల్లెలి ఉపన్యాసానికి ఎప్పుడూ వెళ్ళలేదు. వెళితే ఇంట్లో ఎవరుంటారు?

"ఏం చెప్పను? ఉన్న మాట చెప్పాలంటే, మా అక్క చూసుకుందండీ అని చెప్పి దిగిపోవాలి. అర నిమిషం కూడా పట్టదు."

"కొంచెం లాగు. నాకు వంకాయకీ బీరకాయకీ తేడా తెలియదని చెప్పు. ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి ఊరెళ్ళిపోయానని చెప్పు."

"ఊరెళ్ళలేదు. బస్‌స్టాండు దాకానే వెళ్ళాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడే కూతురు ఫోన్ చేసింది. సంగతి విని, "పెద్దమ్మని పంపించమ్మా ఉపన్యాసానికి. నువ్వు ఇంట్లో ఉండి వంట చెయ్యి, తెలుస్తుంది," అని ఎగతాళి చేసి పెట్టేసింది.

నవ్వు తగ్గాక ప్రొఫెసరమ్మ అంది. "నేను ఇంటి గురించి చెప్పను అక్కా. నా పని చెప్తాను. కార్డు మీద ఏముంటే నాకేం?"

అక్క చేతులు ఆగాయి. "అయితే నాకేం అర్థమవుతుంది?"

"అవుతుంది. ఇటు రా."

గోడకున్న చిన్న అర మీద నుంచి ప్రొఫెసరమ్మ అన్నీ దింపేసి మూడు డబ్బాలే ఉంచింది. ఉప్పు, పంచదార, టీ పొడి. "పైకెత్తకూడదు. ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. నేల మీద జరిపినట్టే జరపాలి. ఉప్పు చోటుకి పంచదార, పంచదార చోటుకి ఉప్పు రావాలి. ఎలా?"

అక్క రెండింటినీ నెట్టి చూసింది. అవి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

"టీ పొడిని ఆ మూలకి తోసెయ్. ఇప్పుడు చోటొచ్చిందా? పంచదారని ఆ ఖాళీలోకి తప్పించు. ఉప్పుని పంచదార చోటుకి పోనీ. ఇప్పుడు పంచదారని ఉప్పు చోటుకి తెచ్చెయ్. అయిపోయింది. మూడోది దారిచ్చింది, మిగతా రెండూ చోటు మార్చుకున్నాయి. నా సిద్ధాంతమంతా ఇదే. కాకపోతే ఇది చదునైన చెక్క, నాది ఎన్నో మెలికలు తిరిగిన ఉపరితలం. దాన్ని ఎన్ని ముక్కలుగా కోసినా సరే, చింపకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా, ఏ ముక్కనైనా ఎక్కడికైనా జరపొచ్చని చూపించాను. ముక్కలు మరీ ఎక్కువైతే రెండు ముక్కల్ని అతికించి ఒకటే అనుకుంటాను. లెక్క ఒకటి తగ్గుతుంది. అలా తగ్గించుకుంటూ వస్తాను."

"దీనికి నాలుగేళ్ళా?"

"నాలుగేళ్ళే."

అక్క డబ్బాలు మళ్ళీ వాటి వాటి స్థానాల్లో సర్దింది. సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "నీకో నిజం చెప్పనా? ఒక్కోసారి నీ కాలివేళ్ళు ఆగిపోతాయి. గురక కూడా పెడతావు. అయినా అడిగినవాళ్ళకి పని మీద ఉందనే చెప్పాను."

ప్రొఫెసరమ్మ ముఖం ఎర్రబడింది. "ఎప్పుడూ లేపలేదేం?"

"లేపడానికి నాకేం తెలుసు, ఎప్పుడు పనో ఎప్పుడు నిద్రో? నీ పనిని నేనెప్పుడైనా కళ్ళారా చూశానా? మగ్గం నేసేవాళ్ళని చూస్తే బట్ట కనిపిస్తుంది. నువ్వు లేచి కూర్చుంటే తువ్వాలు కనిపిస్తుంది." తప్పుపట్టినట్టు కాదు, మామూలుగానే అంది. "అందుకే వస్తానన్నాను. ఒక్కసారి చూద్దామని."

ప్రొఫెసరమ్మ ఈనెలు తీసిన బీన్స్ గిన్నె తీసుకుని కడగడం మొదలుపెట్టింది. అక్క ఆ గిన్నె లాక్కుంది. "ఇప్పుడెందుకులే ఈ కొత్త వేషాలు. వెళ్ళి పడుకో. పని చూసుకో."

*

హాలు నిండిపోయింది. వెనక వరసల్లో పరిశోధక విద్యార్థులు, ముందు వరసల్లో మీసాలాయన, ఆయన లాంటి పెద్దలు. అక్క రెండో వరసలో, చివరి కుర్చీలో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. తెర మీద ప్రొఫెసరమ్మ పాత ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి. ఒక ఫొటోలో ఆవిడ ఎవరి వంటింట్లోనో పొయ్యి ముందు నిలబడి ఉంది. అది ఎక్కడ సంపాదించారో తెలియదు.

హెడ్డుగారు పరిచయం మొదలుపెట్టాడు. "ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో సుద్దముక్క పట్టుకుని..."

"గరిటె ఎప్పుడు పట్టుకుందో," అంది అక్క తనలో తనే అనుకుంటూ. ఆ గొంతుకు తనలో అనుకోవడం చేతకాదు. రెండు వరసలు నవ్వాయి.

ప్రొఫెసరమ్మ వేదిక ఎక్కి ముందు ఆ తెర ఆపించింది. మూల చక్రాల మీద ఉన్న నల్లబోర్డును మధ్యకు తోయించింది. తడిగుడ్డ తీసుకుని బోర్డంతా తనే పైనుంచి కిందికి తుడిచి, తడి ఆరేదాకా జనం వైపు తిరిగి నిలబడింది. "కార్డు మీద శీర్షిక తప్పు పడింది. ఇంటి సంగతి మా అక్కకి తెలుసు, రెండో వరసలో ఉంది, కావలసినవాళ్ళు భోజనాల దగ్గర అడగండి. నేను ముక్కల గురించి చెప్తాను."

హెడ్డుగారి ముఖం వాడిపోయింది. మీసాలాయన మాత్రం కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు.

ఆవిడ రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా ఉంటాయి. రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని గానీ తర్వాతది రాయదు. స్ఫూర్తి కోసం వచ్చినవాళ్ళు కాసేపటికి కాళ్ళు మార్చుకుంటూ కూర్చున్నారు, మిగతావాళ్ళు కాగితాలు తీశారు. మూడో ముక్క పక్కకు తప్పుకుని దారిచ్చే ఘట్టం వచ్చినప్పుడు అక్క తల ఊపింది. మీసాలాయన కూడా ఊపాడు. ముక్కల్ని అతికించుకుంటూ, లెక్క తగ్గించుకుంటూ వచ్చి, చివరికి రెండు ముక్కల దగ్గర ఆవిడ 'ఇది స్పష్టమే' అని రాసి సుద్దముక్క కింద పెట్టింది. గణితంలో ఆ మాట రాయని కాగితం ఉండదు. బొమ్మ చూస్తే తెలిసిపోయేదానికి ఎవరూ నాలుగు పేరాలు ఖర్చుపెట్టరు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. అవి గౌరవం కోసం కొట్టినవి కాదు, పని చూసి కొట్టినవి. ఆ తేడా ఆవిడకు బాగా తెలుసు. మనసు నిండిపోయింది. హెడ్డుగారు కూడా తేరుకుని జ్ఞాపిక పట్టుకుని వేదిక మీదికి వస్తున్నాడు.

అప్పుడు వెనక వరసలో ఒకమ్మాయి లేచింది. బక్కగా ఉంది. భుజానికున్న సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుంది.

"మేడం, ఒక చిన్న ప్రశ్న. చివర రెండు ముక్కలకి స్పష్టమే అని రాశారు. నాకది స్పష్టంగా తెలియలేదు."

కొందరు నవ్వారు. ప్రొఫెసరమ్మ కూడా నవ్వుతూనే బోర్డు వైపు తిరిగింది. "ఏముందమ్మా, ఇది ఇటు జరిగితే అది అటు..."

"ఎటు మేడం? మూడో ముక్క దారిస్తుందన్నారు. రెండే ఉంటే మూడోది లేదు కదా."

సుద్దముక్క తీసుకున్న చెయ్యి బోర్డు దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆవిడ రెండు ముక్కల వైపు చూసింది. నాలుగేళ్ళలో వందల ముక్కల్ని జరిపింది. ఏడు ముక్కల దగ్గర నెలల తరబడి ఇరుక్కుంది. రెండు ముక్కల వైపు మాత్రం తిరిగి చూడలేదు, అంత తేలికైనదాన్ని ఎవరు చూస్తారని. వంద ముక్కల లెక్క ఏడు ముక్కల లెక్క మీద నిలబడింది, ఏడు మూడు మీద, మూడు రెండు మీద. ఆ రెండు దేని మీదా నిలబడలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంతమందిలో, ఈ రోజున.

హెడ్డుగారికి ఆ నిశ్శబ్దం భరించరానిదైంది. మైకు అందుకున్నాడు. "చాలా చిన్న విషయం అది. మేడం బాగా అలసిపోయారు. మనం తర్వాత ఎప్పుడైనా..." ఆవిడ చెయ్యి పట్టుకుని కుర్చీ వైపు నడిపించడానికి ముందుకొచ్చాడు.

ప్రొఫెసరమ్మ వినలేదు. కళ్ళు మూసుకుని, బోర్డుకెదురుగా అలాగే నిలబడి ఉంది. చూసినవాళ్ళకు పెద్దావిడ సొమ్మసిల్లి పడిపోతుందేమో అనిపించింది. ఒకరిద్దరు లేచారు కూడా.

రెండో వరస చివర అక్క చూపు మాత్రం చెల్లెలి చెప్పుల మీద ఉంది. బొటనవేళ్ళు రెండూ మెల్లగా ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి.

"ఆగండి!" అంది అక్క. మైకు అక్కర్లేని గొంతు హాలంతా పాకింది. "ఎవరూ కదిలించకండి. పని మీద ఉంది."

హెడ్డుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచినవాళ్ళు కూర్చున్నారు. అక్క నిలబడే ఉంది, పాలవాణ్ణీ బీమా ఏజెంటునీ ఆపినప్పుడు గుమ్మంలో నిలబడ్డట్టే. అన్నేళ్ళూ తలుపు వెనక జరిగింది ఇప్పుడు అంతమంది ముందూ జరుగుతోంది. అక్క కళ్ళు తడయ్యాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే చూడాల్సింది ఏదైనా తప్పిపోతుందేమోనని.

ఎంతోసేపటికి ప్రొఫెసరమ్మ కళ్ళు తెరిచింది. తడిగుడ్డ తీసుకుని 'ఇది స్పష్టమే' అన్న రెండు మాటల్నీ తుడిచేసింది.

"స్పష్టం కాదు," అంది. "నిజమో కాదో కూడా నాకు తెలియదు. ఇది నిలబడకపోతే పైన రాసినదేదీ నిలబడదు. మీరందరూ చప్పట్లు కొట్టింది ఇంకా పూర్తికాని పనికి."

"చిన్న సవరణతో సరిపోతుందేమో చూడు," అన్నాడు మీసాలాయన ముందు వరసలోంచి మెత్తగా.

"చిన్నదో పెద్దదో చూస్తేగా తెలిసేది. నువ్వూ నేనూ ఇప్పటిదాకా తలలూపాం. చూసింది ఆ అమ్మాయి." ఆవిడ వెనక వరస వైపు చెయ్యి ఊపింది. "నువ్వు రామ్మా ఇలా. ఏమనుకుంటున్నావో చెప్పు."

ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. "నాకూ తెలియదు మేడం."

"తెలిస్తే అడగవుగా. రా."

*

భోజనాల వేళకు హాలు ఖాళీ అయింది. జ్ఞాపిక ఇవ్వడం ఇంకా మిగిలే ఉంది. హెడ్డుగారు దాన్ని చంకలో పెట్టుకుని, ఫొటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని, రెండు అంతస్తులూ వెతికి చివరికి వరండా కొసన ఉన్న తరగతి గది దగ్గర ఆగాడు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని అక్క కూర్చుంది. ఒళ్ళో రెండు భోజనం పొట్లాలున్నాయి. విప్పలేదు.

"మేడం లోపల ఉన్నారాండీ? ఒక్క ఫొటో. అయిదు నిమిషాలు."

అక్క పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించింది.

హెడ్డుగారు మెడ సాచి లోపలికి చూశాడు. గదిలో బల్లలన్నీ గోడకు నెట్టేసి ఉన్నాయి. బోర్డు మీద రెండే రెండు ముక్కల బొమ్మ, దాని చుట్టూ కొట్టివేతలు. ఉపాధ్యాయుల బల్ల అంచు దాటి నేల మీద నాలుగు పాదాలు కనిపించాయి. రెండు ముడతలు పడ్డవి, రెండు లేతవి. తలకింద సంచి పెట్టుకున్న అమ్మాయి వైపు నుంచి సన్నటి గొంతు వినిపించింది. "మేడం, అసలు జరగనే జరగదేమో? రెండుంటే ఎప్పటికీ జరగదని చూపిస్తే?"

"ఊఁ," అంది రెండో గొంతు. "ఉండు. అదే చూస్తున్నా."

"ఏమీ లేదండీ, ఇలా ఇచ్చి అలా..." అంటూ హెడ్డుగారు గుమ్మంలో కాలు పెట్టబోయాడు.

అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"దాన్ని ఆ కుర్చీలో పెట్టి వెళ్ళండి బాబూ," అంది. ఆ మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడగలదని ఆయనకు అప్పుడే తెలిసింది. "ఇద్దరూ పని మీద ఉన్నారు."

హెడ్డుగారు జ్ఞాపికను కుర్చీలో పెట్టాడు. ఫొటో తీసేవాడికి నోటి మీద వేలు పెట్టి చూపించి, బూట్లు చప్పుడు కాకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.